ట్రయాథ్లాన్‌కు ఈత: తక్కువ ఖర్చులో సాధన ఎక్కడ?

పరుగుకు రోడ్డు చాలు, సైకిలుకు తెల్లవారుజామున ఖాళీగా ఉండే రహదారి చాలు. ఈతకు మాత్రం ఎవరో కట్టించి, నింపించి, శుభ్రం చేయించి, వేళకు తాళం తీసే కొలను కావాలి, దానికి డబ్బు కట్టాలి. ఈత, సైకిలు, పరుగు మూడింటినీ వరుసగా చేయవలసిన ట్రయాథ్లాన్ పోటీకి సిద్ధమవుతున్న పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ డబ్బు గురించే ఉన్నందువల్ల, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పరుగు, సైక్లింగ్ చాలాకాలంగా అలవాటు. గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 పోటీలో పాల్గొనాలని ఉంది. ఈత వచ్చు కానీ 400 మీటర్లకు మించి ఆగకుండా ఎన్నడూ ఈదలేదు. మా అపార్ట్‌మెంట్‌లోని కొలను చాలా చిన్నది. దగ్గర్లో ఉన్న ప్రైవేటు అకాడమీ ఫీజు నెల నెలా కట్టడం నాకు భారం. నగరంలో తక్కువ ఖర్చుతో ఎక్కడ ఈదవచ్చు?

జవాబు: ఎక్కడ ఈదాలన్నది తేల్చుకునే ముందు, మీకు ఎంత ఈత కావాలో తేల్చుకోండి. మీరు ఎంచుకున్న పోటీలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. మొత్తం పోటీని ఆరున్నర, ఏడు గంటల్లో ముగించే మామూలు అభ్యాసకులకు ఇందులో ఈతకు పట్టేది ముప్పావుగంట నుంచి 55 నిమిషాలు, అంటే మొత్తం సమయంలో సుమారు ఎనిమిదో వంతు. ఈ దూరానికి సాధారణంగా ఇచ్చే గడువు గంటా పది నిమిషాలు. కాబట్టి వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావుగంట నుంచి గంట దాకా నికరంగా ఈదగలిగితే మీకు సరిపోతుంది. నెలకు లెక్క వేస్తే పన్నెండు, పదమూడు గంటలు. మీరు కొనవలసింది ఆ పన్నెండు గంటలనే తప్ప, జిమ్ముతోనూ ఆవిరి గదితోనూ కలిపి అమ్మే ఏడాది సభ్యత్వాన్ని కాదు.

రెండో లెక్క మరింత ముఖ్యం. చాలామంది నెల ఫీజులను పక్కపక్కన పెట్టి పోల్చుకుంటారు, కానీ పోల్చవలసింది ఈదిన దూరానికి పడే ధర. ఉదాహరణకు ఒక ప్రైవేటు కొలనులో నెలకు 3,000 రూపాయలు తీసుకుంటారనీ, అక్కడ లేన్ (తాడుతో వేరు చేసిన ఈత వరుస) ఖాళీగా దొరకడం వల్ల ఒక్కోసారి 2 కిలోమీటర్లు ఈదగలుగుతున్నారనీ అనుకుందాం. నెలకు పన్నెండుసార్లు వెళితే 24 కిలోమీటర్లు అవుతుంది, కిలోమీటరుకు 125 రూపాయలు పడుతుంది. 1,000 రూపాయలు మాత్రమే తీసుకునే మరో కొలనుకు సాయంత్రం ఆరు గంటల బ్యాచ్‌లో వెళ్లారనుకుందాం. పిల్లలు, కొత్తగా నేర్చుకునేవారు, గోడ పట్టుకుని నిలబడి కబుర్లాడేవారు నిండి ఉండటం వల్ల 600 మీటర్లకు మించి సాగకపోతే, నెలకు 7.2 కిలోమీటర్లే అవుతుంది, కిలోమీటరుకు దాదాపు 139 రూపాయలు పడుతుంది. చవక అనుకున్న కొలనే ఖరీదైందన్నమాట. అయితే అదే కొలనుకు తెల్లవారుజాము మొదటి బ్యాచ్‌లోనో, రాత్రి చివరి బ్యాచ్‌లోనో వెళ్లి ఒక్కోసారి 1.8 కిలోమీటర్లు ఈదగలిగితే, కిలోమీటరుకు 46 రూపాయలు మాత్రమే అవుతుంది. ఇవి ఊహించి వేసిన అంకెలే అయినా లెక్క నిజమైనది, మీ దగ్గరి కొలనుల ఫీజులు తెలుసుకుని మీరే వేసి చూసుకోవచ్చు. ఈతలో ఖర్చు తగ్గించేది ముందుగా వేళ, ఆ తర్వాతే చోటు.

ఇక చోట్ల విషయం. ప్రభుత్వ కొలనులతో మొదలుపెట్టండి. గచ్చిబౌలి జి.ఎం.సి. బాలయోగి క్రీడా ప్రాంగణంలోని ఈతకొలను 2002 జాతీయ క్రీడల కోసం కట్టినది, 50 మీటర్ల నిడివి ఉన్నది. హైదరాబాద్‌లో ట్రయాథ్లాన్ అభ్యాసకులు ఎక్కువగా చెప్పుకునే చోటు అదే. జీహెచ్‌ఎంసీకి సికింద్రాబాద్, చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్, అంబర్‌పేట వంటి చోట్ల సొంత కొలనులు ఉన్నాయి. పడమటి కొత్త కాలనీల్లో ఉండేవారికి ఇవి దూరమనిపిస్తాయి కానీ, ఆదివారం ఉదయం ఒక్కసారైనా అక్కడికి వెళ్లి పొడవైన ఈత ఈదడం అసాధ్యమేమీ కాదు. పురపాలక కొలనులు మరమ్మతుల కోసం నెలల తరబడి మూతపడటం మామూలే గనుక, ఫోనులో విన్న మాట మీద డబ్బు కట్టకుండా స్వయంగా వెళ్లి, నీళ్లు చూసి, కౌంటర్ దగ్గర వేళలు కనుక్కుని కట్టండి. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, ఆధార్ నకలు, ఈదడానికి ఆరోగ్యం బాగుందని వైద్యుడు రాసిచ్చిన ధ్రువపత్రం దగ్గర ఉంచుకుంటే రెండోసారి తిరగవలసిన పని తప్పుతుంది. రోజువారీ టికెట్టు ఇచ్చే చోట తొలి రెండు వారాలు ఆ టికెట్టు మీదే ఈది, బ్యాచ్ రద్దీ ఎలా ఉంటుందో తెలిశాకే నెల పాసు తీసుకోవడం మంచిది.

కాలం కూడా మీకు అనుకూలంగా ఉంది. మన ఊళ్లలో ఈతకొలనులు ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా వేసవి శిబిరాలతో కిక్కిరిసిపోతాయి. బడులు తెరిచి రెండు వానలు పడగానే పిల్లలు, వారితో వచ్చే పెద్దలు తగ్గిపోతారు, జులై నుంచి నవంబరు దాకా అదే కొలను సగం ఖాళీగా కనిపిస్తుంది. గోవా పోటీ సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలల్లో జరుగుతున్నందున మీరు గట్టిగా సాధన చేయవలసిన నాలుగు నెలలూ సరిగ్గా ఈ ఖాళీ కాలంలోనే పడతాయి. వేసవిలో కొత్తగా చేరి, జనం మధ్య ఈదలేక విసుగెత్తి మానేసినవారు చాలామంది ఉంటారు, మీరు జులైలో మొదలుపెట్టండి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మాత్రం ఆరుబయటి కొలనులోకి ఎవరు రమ్మన్నా దిగవద్దు.

చేరేముందు నీటిని ఎలా పరీక్షించాలో చెబుతాను, చవక కోసం ఆరోగ్యాన్ని పణంగా పెట్టకూడదు గనుక. గట్టు మీద నిలబడి చూస్తే, లోతైన భాగంలో అడుగున ఉండే నీరు పోయే జాలీ స్పష్టంగా కనబడాలి. మసకగా ఉంటే ఆ నీటిలో మునిగినవాడు లైఫ్‌గార్డుకు కూడా కనబడడు. ఘాటైన వాసన వస్తే క్లోరిన్ బాగా వేశారని సంతోషించేవారున్నారు కానీ, ఆ ఘాటు చెమట, మూత్రం వంటి వాటితో క్లోరిన్ కలిసి ఏర్పడే క్లోరమైన్లది, అది నీరు పాడయిందనడానికే గుర్తు. నీటిలో స్వేచ్ఛా క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. రోజూ ఈ అంకెలను పలక మీద రాసిపెట్టే కొలనును, మిగతా విషయాల్లో కాస్త పాతబడి ఉన్నా, నేను ధైర్యంగా సిఫారసు చేస్తాను. లైఫ్‌గార్డు ఉన్నాడా, అతడు గట్టు మీద నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడా, గదిలో ఫోను చూస్తూ కూర్చున్నాడా అన్నది కూడా ఒక అరగంట అక్కడ నిలబడితే తెలిసిపోతుంది.

మీ అపార్ట్‌మెంట్ కొలనును పూర్తిగా వదులుకోకండి. పన్నెండు, పదిహేను మీటర్ల నీటిలో 1.9 కిలోమీటర్లు ఈదడం మలుపులతోనే సరిపోతుంది, అందుకు అది పనికిరాదు. కానీ నడుముకు బెల్టు కట్టి, దానికి సాగే రబ్బరు తాడు తగిలించి, తాడు రెండో కొసను గట్టు మీది గట్టి కమ్మీకి బిగిస్తే, ఉన్నచోటనే అరగంట ఆగకుండా ఈదవచ్చు. చేతి పట్టు, తల తిప్పి గాలి తీసుకునే లయ, తల ఎత్తి ముందుకు చూసే అలవాటు, ఇవన్నీ అక్కడ సాధన చేయవచ్చు. వారానికి రెండు రోజులు పెద్ద కొలను, ఒక రోజు ఈ తాడు అని పెట్టుకుంటే, రోజువారీ టికెట్టు మీద ఈదేవారికి ఖర్చులో మూడో వంతు తగ్గుతుంది.

మిగిలిన ఆ డబ్బును కోచ్ మీద పెట్టమని నా సలహా. 400 మీటర్ల దగ్గర ఆగిపోతున్నారంటే, పదేళ్లు పరుగెత్తినవారికి అది ఊపిరితిత్తుల బలహీనత అయ్యే అవకాశం తక్కువ. కాళ్లు కిందికి జారిపోవడమో, నీటిలో గాలి వదలకుండా బిగబట్టి ఉంచడమో కారణమై ఉంటుంది, దాన్ని గట్టు మీద నిలబడి చూసే మనిషి వారంలో పట్టుకుంటాడు. ఆరేడు పాఠాలు చెప్పించుకుని, తర్వాత రెండు నెలలు సొంతంగా ఈది, మళ్లీ ఒకటి రెండు పాఠాలు చెప్పించుకోండి. నెలనెలా కోచింగ్ ఫీజు కట్టనక్కరలేదు. గోవాలో సముద్రపు నీరు వెచ్చగా ఉండటం వల్ల వెట్‌సూట్ (చల్లని నీటిలో ఒంటిని వెచ్చగా ఉంచే బిగుతైన రబ్బరు దుస్తులు) ధరించనివ్వరు గనుక ఆ ఖర్చు కూడా మీకు లేదు. మంచి గాగుల్స్, టోపీ, నైలాన్ ఈతదుస్తులు ఉంటే చాలు.

ఇంకొక్క మాట. మీ బ్యాచ్‌లో మీలా దూరం ఈదేవారు నలుగురైదుగురు ఉంటే, అందరూ సంతకాలు చేసి, ఫలానా బ్యాచ్‌లో ఒక గోడ పక్క లేన్‌ను తాడు కట్టి దూరం ఈదేవారికి వదలమని కొలను అధికారికి అర్జీ ఇవ్వండి. ఒక లేన్‌లో వరుసగా ఎడమ పక్కన వెళ్లి కుడి పక్కన వచ్చే పద్ధతి పాటిస్తే ఆరుగురు హాయిగా ఈదవచ్చు. తాడుకయ్యే ఖర్చు స్వల్పం. ప్రజల పన్నులతో కట్టిన కొలనులో ఇలా అడగడం మన హక్కు, అడిగేవారు లేకపోవడం వల్లనే చాలాచోట్ల ఆ ఏర్పాటు లేదని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: మాది విజయవాడ, నేను డిగ్రీ విద్యార్థిని. ఇంటి పక్కనే కాలువ ఉంది, కాస్త దూరంలో కృష్ణానది ఉంది. మా తాతయ్య నడుముకు బెండు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నారట. పైసా ఖర్చు లేకుండా ఇన్ని నీళ్లుండగా ఈతకొలనుకు డబ్బు ఎందుకు కట్టాలి?

జవాబు: మీ తాతయ్య గారి తరం బెండు కట్టుకుని బావిలో నేర్చుకున్న మాట నిజమే కానీ, ఆ బావి గట్టు మీద ఈత వచ్చిన పెద్దవారు ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. బావి నీళ్లకు ప్రవాహం కూడా లేదు. మీరు అడుగుతున్న కాలువకు ఆ రెండూ వర్తించవు. నగరం మధ్య నుంచి పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో నీరు పైకి నెమ్మదిగా కనబడినా లోపల బలంగా లాగుతుంది. కట్టుబడి చేసిన గట్లు ఏటవాలుగా, పాచిపట్టి ఉండటం వల్ల చేతికి పట్టు దొరకదు. లాకుల దగ్గర, వంతెనల కింద సుడులుంటాయి. వీటికి తోడు ఊరి మురుగు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలకు నీళ్లు కట్టేస్తారు, మళ్లీ వదిలినప్పుడు లోతు ఎక్కడెక్కడ మారిందో ఎవరికీ తెలియదు. కాలువలో సాధన వద్దని గట్టిగా చెబుతున్నాను. పాడుబడిన క్వారీ గుంతలకు, నదిలో ఇసుక తవ్విన గోతులకు కూడా ఇదే మాట.

నది సంగతి వేరు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన నిలిచి ఉండే కృష్ణ నీటిలో తెల్లవారుజామున ఈదే బృందాలు విజయవాడలో ఎంతోకాలంగా ఉన్నాయి, నదిని అడ్డంగా ఈదే పోటీలు కూడా అక్కడ జరుగుతుంటాయి. ఆ నీటిలో ట్రయాథ్లాన్‌కు కావలసిన విద్య దొరుకుతుంది. కొలను అడుగున నల్లగీత చూస్తూ ఈదినవారికి, గీత లేని నీటిలో ఎదుటి గట్టు మీది ఏ గోపురాన్నో చెట్టునో గురి పెట్టుకుని, పది బారలకొకసారి తల ఎత్తి చూస్తూ తిన్నగా సాగడం వెంటనే రాదు, దాన్ని అక్కడే నేర్చుకోవాలి. కానీ ఒంటరిగా దిగవద్దు. రోజూ అక్కడ ఈదే పెద్దల బృందంలో చేరి, వారు దిగే చోటే దిగి, వారు ఎక్కే చోటే ఎక్కండి. నడుముకు కట్టుకునే రంగు బెలూన్ లాంటి తేలుడు సంచి కొనుక్కోండి, పడవల వారికి మీరు దూరం నుంచే కనబడతారు, అలసినప్పుడు పట్టుకుని తేలవచ్చు. వరదలు వచ్చి బ్యారేజీ గేట్లు ఎత్తే రోజుల్లో నది వైపు వెళ్లనే వద్దు. ఒంటి మీద మానని పుండు ఉంటే వానాకాలపు నీటిలో దిగరాదు, ఎలుకల మూత్రం ద్వారా నీటిలో చేరే లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బులు అలాగే సోకుతాయి. కేరళలో ఇటీవలి సంవత్సరాల్లో బయటపడిన మెదడును తినే అమీబా కేసుల్లో కొన్ని నిలవ నీటిలో స్నానం, ఈత సందర్భంగా సోకినవే. ఆ అమీబా ముక్కు ద్వారా లోపలికి వెళుతుంది గనుక, వేసవిలో వెచ్చని నిలవ నీటిలో దూకడం మానాలి, ముక్కు క్లిప్ వాడటం మేలు.

వారానికి రెండు రోజులు కొలను, ఆదివారం నది అన్నది మీకు సరైన ఏర్పాటు. గాంధీనగర్‌లోని సర్ విజ్జీ పురపాలక ఈతకొలనులో వేళలు, ఫీజు కనుక్కోండి. విద్యార్థి గుర్తింపు కార్డుకు రాయితీ ఉందేమో తప్పక అడగండి. చాలాచోట్ల అడిగితేనే చెబుతారు.

ప్రశ్న: నేను వరంగల్‌లో ఉపాధ్యాయురాలిని, వయసు 43. ఈత అసలు రాదు. మా స్నేహితురాలు చిన్న ట్రయాథ్లాన్ పూర్తి చేసిందని విన్నాక నాకూ ఆశ కలిగింది. ఇక్కడ మహిళల బ్యాచ్ ఉదయం పదకొండు గంటలకు పెడుతున్నారు, ఆ వేళకు నేను బడిలో ఉంటాను. ఈ వయసులో మొదలుపెట్టవచ్చా? వేళ కుదరకపోతే ఎలా?

జవాబు: తప్పకుండా మొదలుపెట్టవచ్చు. మన సామర్లకోటలో పుట్టిన గోలి శ్యామల గారు నలభై దాటాకే హైదరాబాద్‌లో ఈత నేర్చుకుని, 2021 మార్చిలో శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని ఈదారు. అంత దూరం మీకు అవసరం లేదు. స్ప్రింట్ ట్రయాథ్లాన్‌లో ఈత 750 మీటర్లు, సైకిలు 20 కిలోమీటర్లు, పరుగు 5 కిలోమీటర్లు మాత్రమే. అంతకంటే చిన్న పోటీల్లో ఈతను కొలనులోనే పెడతారు. నీటి భయం పోవడానికి ఒక నెల, 25 మీటర్లు దాటడానికి మరో నెల, 750 మీటర్లకు ఇంకో నాలుగైదు నెలలు అని పెట్టుకుంటే తొందర ఉండదు.

వేళ విషయంలో మీ ఫిర్యాదు న్యాయమైనది, ఇదే మాట చాలామంది ఉద్యోగినులు రాశారు. మహిళల బ్యాచ్‌ను ఎవరికీ అక్కరలేని ఎండ వేళలో పెట్టి, ఆడవారు రావడం లేదని తీసేయడం అన్యాయం. నెల ఫీజు ముందే కట్టడానికి సిద్ధపడిన పది, పన్నెండు మంది మహిళల పేర్లు రాసుకుని, ఉదయం ఆరు గంటలకో సాయంత్రం ఏడు గంటలకో ఒక బ్యాచ్ కావాలని, మహిళా కోచ్ లేదా మహిళా లైఫ్‌గార్డు ఉండాలని కొలను నిర్వాహకులకు రాతపూర్వకంగా ఇవ్వండి. పది మంది ఫీజు చేతికి వస్తుందంటే ప్రభుత్వ కొలను అధికారి అయినా, ప్రైవేటు యజమాని అయినా ఆలోచిస్తాడు.

మీరు ఉపాధ్యాయురాలు గనుక మీకు మరో దారి ఉంది. పెద్ద ప్రైవేటు పాఠశాలల్లో చాలావాటికి సొంత ఈతకొలనులున్నాయి, పిల్లలు ఇంటికి వెళ్లాక, సెలవు రోజుల్లో అవి ఊరికే పడి ఉంటాయి. బృందంగా వెళ్లి సాయంత్రం గంట అద్దెకు అడిగితే, ఆ గంట అద్దెను అందరూ పంచుకున్నప్పుడు తలా పడేది ప్రైవేటు అకాడమీ ఫీజు కంటే చాలా తక్కువగా ఉంటుంది. అయితే లైఫ్‌గార్డు ఉండాలన్న షరతు మీరే పెట్టండి, అతని జీతాన్ని కూడా లెక్కలో కలుపుకోండి. అక్కడ మాత్రం పొదుపు చేయవద్దు.

దుస్తుల గురించి కొందరు సంకోచంతో అడిగారు. మోకాళ్లు, మోచేతులు కప్పే నైలాన్ ఈతదుస్తులు ఇప్పుడు మామూలు క్రీడా దుకాణాల్లోనే దొరుకుతున్నాయి, కొలనుల్లో వాటికి అభ్యంతరం లేదు. నూలు బట్టలే వద్దంటారు, అవి నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, దారాలు ఫిల్టరులో చేరతాయి.

ప్రశ్న: విశాఖపట్నంలో సముద్రం ఎదురుగా ఉన్నా ఈతకొలనుకు వెళ్లమంటున్నారు. ఆర్కే బీచ్‌లో రోజూ సాధన చేస్తే తప్పేమిటి?

జవాబు: ఆర్కే బీచ్‌లో అలలు ఒడ్డునే విరిగి, వెనక్కి పోయే నీరు ఇరుకైన పాయగా మారి లోపలికి బలంగా లాగుతుంది. ప్రతి ఏడాదీ అక్కడ ప్రాణాలు పోతున్నాయి, వారిలో ఈత వచ్చినవారూ ఉన్నారు. అలాంటి పాయలో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ దాటాక తిరిగి రావాలన్న సంగతి ప్రతి సముద్ర ఈతగాడికీ తెలియాలి, కానీ దాన్ని నేర్చుకునే చోటు అది కాదు. బీచ్‌రోడ్డులోనే నగరపాలక సంస్థ ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో 50 మీటర్ల కొలను ఉంది, మీ సాధనలో ముప్పాతిక భాగం అక్కడ జరగాలి. సముద్రం కావాలనుకున్నప్పుడు, శుభ్రత, భద్రత ఉన్న తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ తీరంలో, లైఫ్‌గార్డులు ఉన్న వేళల్లో, అనుభవజ్ఞుల బృందంతో, ఒడ్డుకు సమాంతరంగా ఈదండి. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం గనుక అప్పుడు కొలనుకే పరిమితం కండి.

ప్రశ్న: మేము అమెరికాలో ఆస్టిన్ నగరంలో ఉంటున్నాము. ఇక్కడ జిమ్ సభ్యత్వాలు ఖరీదు. చవకగా ఈదే మార్గాలున్నాయా?

జవాబు: మీ ఊరు ఈ విషయంలో అదృష్టం చేసుకున్నది. జిల్కర్ పార్కులోని బార్టన్ స్ప్రింగ్స్ ఊటనీటి కొలను నగరపాలక సంస్థదే. ఏడాది పొడవునా నీరు 20, 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది గనుక చలికాలంలో కూడా తెరిచే ఉంటుంది, గీతలు లేని సహజమైన నీటిలో దూరం ఈదడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. శుభ్రం చేయడానికి గురువారాల్లో పగలు మూస్తారు. డీప్ ఎడ్డీ కొలనులో దూరం ఈదేవారికి ప్రత్యేకంగా లేన్లున్నాయి. రెండుచోట్లా ఊరివారికి ఒక ధర, బయటివారికి ఒక ధర ఉంటాయి గనుక మీ చిరునామా తెలిపే కాగితం వెంట తీసుకెళ్లండి. పక్క ఊళ్లలో ఉండే మన పాఠకులు తమ నగరపాలక సంస్థ రిక్రియేషన్ సెంటర్‌ను, వైఎంసీఏను అడగవచ్చు. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే పద్ధతి వైఎంసీఏ శాఖల్లో ఉంది. అక్కడి చాలా కొలనులు 25 గజాలవి, అంటే 22.86 మీటర్లు. 1.9 కిలోమీటర్లకు ఒక గోడ నుంచి ఎదుటి గోడకు 83 సార్లకు పైగా ఈదాలి. మీటర్ల కొలనుకు వేసిన పట్టికను అక్కడ యథాతథంగా వాడితే దూరం తక్కువ పడుతుంది.

ప్రశ్న: మాది చిన్న పట్టణం. ముప్పై, నలభై కిలోమీటర్ల దూరంలో ఎక్కడా ఈతకొలను లేదు. ట్రయాథ్లాన్ ఆశ వదులుకోవలసిందేనా?

జవాబు: వదులుకోనక్కరలేదు, కానీ పద్ధతి మార్చుకోవాలి. ఈత రానివారైతే ముందు నేర్చుకునే పనిని ఒకేసారి పూర్తి చేయండి. వేసవి సెలవుల్లోనో, పెట్టుకోగలిగిన సెలవుల్లోనో మూడు, నాలుగు వారాలు బంధువులున్న పెద్ద ఊళ్లో ఉండి, రోజుకు రెండు పూటలా పాఠం చెప్పించుకుంటే, వారానికొకసారి వెళ్లి ఏడాదంతా నేర్చుకునేదానికంటే ఎక్కువ వస్తుంది. ఈత మొదట్లో వెంటవెంటనే చేస్తేనే ఒంటికి పడుతుంది. మీరు వెళ్లే కాలం వేసవి అయితే రద్దీ తప్పదు గనుక, పిల్లల శిబిరాలు మొదలుకాని మార్చి నెలను ఎంచుకోగలిగితే మరీ మంచిది.

ఈత వచ్చినవారైతే నెలకు రెండు వారాంతాలు జిల్లా కేంద్రానికో పెద్ద నగరానికో వెళ్లి, శనివారం సాయంత్రం ఒకసారి, ఆదివారం ఉదయం ఒకసారి ఈదండి. ఆదివారం ఉదయం ఈతను పొడవుగా పెట్టుకోండి. మిగతా రోజుల్లో ఇంట్లో కిటికీ కమ్మీకో గడప కొక్కేనికో రబ్బరు బ్యాండ్లు కట్టి, నడుము వంచి, మోచేయి ఎత్తుగా ఉంచి ఫ్రీస్టైల్ లాగుడు చేయండి. అరనిమిషం లాగి అరనిమిషం ఆగుతూ, పది పన్నెండు విడతలు, వారానికి మూడు రోజులు చేస్తే, ఈతకు ఈతకు మధ్య రెండు వారాలు గడిచినా భుజాల బలం పూర్తిగా జారిపోదు. నీటిలో పట్టు మాత్రం కొంత తగ్గుతుంది, అందుకే పోటీకి ముందు చివరి మూడు వారాల్లో ప్రతి వారాంతమూ నీటిలో ఉండేలా ప్రయాణాలను దాచుకోండి.

ఈలోగా డ్యుయాథ్లాన్ పోటీల్లో పాల్గొనవచ్చు. వాటిలో ఈత ఉండదు, పరుగు, సైకిలు, మళ్లీ పరుగు ఉంటాయి. మీకున్న రోడ్లతోనే వాటికి పూర్తిగా సిద్ధం కావచ్చు, ఒక విభాగం నుంచి మరో విభాగానికి మారే అలవాటు కూడా అబ్బుతుంది. మీ పట్టణంలో పురపాలక స్టేడియం ఉంటే, అక్కడ 25 మీటర్ల కొలను కట్టమని మీ వార్డు కౌన్సిలరుకు, జిల్లా క్రీడాభివృద్ధి అధికారికి క్రీడాకారులందరి సంతకాలతో అర్జీ ఇవ్వండి. ఆ అర్జీలో ఏటా మీ ప్రాంతంలో చెరువుల్లో, బావుల్లో మునిగి చనిపోతున్న పిల్లల సంగతి మొదటి వాక్యంగా రాయండి, ట్రయాథ్లాన్ సంగతి రెండో వాక్యంగా రాస్తే చాలు.